రెండో గుమ్మం

"ఇంకెన్నాళ్ళు అక్కడ? హైదరాబాదు ఎప్పుడొచ్చేస్తున్నావ్?"

ఫోను చేసిన స్నేహితురాళ్ళందరూ ముందుగా అడిగేది ఇదే. అడిగేవాళ్ళు నా మేలు కోరేవాళ్ళే. కానీ ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. చదువుకున్న ఆడది, అందులోనూ స్త్రీవాదం చదువుకున్న ఆడది, ఒక చిన్న పట్నంలో ఉండిపోయిందంటే ఎక్కడో రాజీపడిందనో, ఓడిపోయిందనో అర్థం. ఆ నమ్మకం నాకూ ఉండేది. ఉండడమేమిటి, దాని మీద ఒక అధ్యాయం రాసి డాక్టరేటు కూడా తెచ్చుకున్నాను.

ఆ అధ్యాయంలో తెలుగు రచయిత్రుల కథల్లో స్థలం గురించి చర్చించాను. పల్లె, చిన్న పట్నం, నగరం అని మూడు మెట్లు కట్టి, ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ స్త్రీకి ఊపిరి ఆడుతుందని చూపించాను. పల్లెలో కులం, చిన్న పట్నంలో పరువు, నగరంలో స్వేచ్ఛ. ఉదాహరణలు ఏరుకున్నాను. ముందే తీర్పు రాసుకుని ఏరుకుంటే దొరకని ఉదాహరణలంటూ ఉంటాయా! ఆ అధ్యాయం రాసింది హైదరాబాదులో, ఒక హాస్టలు గదిలో కూర్చుని. ఆ సంగతి ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. పరీక్షకులూ అడగలేదు.

ఇప్పుడు చీరాలకి బస్సులో గంట దూరం ఉన్న ఒక ఊళ్ళో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. మూడేళ్ళయింది. సిలబస్‌తో సంబంధం లేకుండా శనివారం సాయంత్రాలు కొందరు ఆడపిల్లలం కూర్చుని కథలు చదువుకుంటున్నాం. ఒక శనివారం పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' చదివాం. ఈ పత్రిక చదివేవాళ్ళకి ఆ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ మన చిన్నప్పటి కథలోది. ఆ ఈగ లాగే ఇల్లు తుడిచి ముగ్గులు పెట్టి మెప్పులు పొందిన ఇల్లాలు ఒకనాడు తన పేరేమిటో తనకే గుర్తురాక వెతుక్కుంటూ బయల్దేరుతుంది. పక్కింటావిడకి తెలియదు. పిల్లలకి ఆమె అమ్మ మాత్రమే. భర్తకి ఆ వెతుకులాటే అర్థం కాదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ప్రమీల ఎదురుపడి "శారదా" అని పిలిస్తే, పేరుతో పాటు తాను చదివిన చదువూ పాడిన పాటలూ అన్నీ తిరిగి వస్తాయి.

చదవడం అయ్యాక ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, ప్రమీల ఏ ఊళ్ళో కనిపించింది?"

అదేం ప్రశ్న అనుకున్నాను. పేరు గురించి, అస్తిత్వం గురించి మాట్లాడతారని సిద్ధమై వచ్చినదాన్ని. అయినా పుస్తకం తిరగేశాను. శారద పుట్టింటికి వెళ్ళినప్పుడు, సొంత ఊళ్ళో కనిపిస్తుంది. ఆ అమ్మాయి తల ఊపి, "అదే అనుకున్నా. వేరే ఊరైతే అంత తేలిగ్గా ఎదురుపడేది కాదుగా" అంది.

నా అధ్యాయం మొత్తం ఆ ఒక్క మాటకి కదిలిపోయింది. పేరు పోగొట్టుకున్నది పెళ్ళయి వచ్చిన కొత్త చోట. దొరికింది వదిలి వెళ్ళిన పాత ఊళ్ళో. అలాగని పుట్టింట్లోనూ కాదు. అమ్మా నాన్నలకి కూడా ఆమె అమ్మాయే తప్ప శారద కాదు. దొరికింది పుట్టింటికీ అత్తింటికీ చెందని ఒక మూడో మనిషి దగ్గర, వీధిలో. ఊరు చిన్నదా పెద్దదా అని నేను కొలుచుకుంటూ పోయాను. సత్యవతి గారి కథ కొలిచింది మరొకదాన్ని. ఆ ఊళ్ళో ఒక ఆడదాన్ని ఆమె పేరుతో పిలిచే మనిషి, ఆమె వెళ్ళగలిగే చోటు, ఇల్లు కాక ఇంకోటి ఉందా అని.

దీన్ని నేను రెండో గుమ్మం అనుకుంటున్నాను. పుట్టింటిదైనా అత్తింటిదైనా, ఎవరి కూతురుగానో ఎవరి భార్యగానో మనం దాటే గుమ్మం మొదటిది. ఏ పని మీద వచ్చావని అడగకుండా మనల్ని లోపలికి రానిచ్చే గుమ్మం రెండోది. అది స్నేహితురాలి ఇల్లు కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, సంఘం ఆఫీసు కావచ్చు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో ఆడవాళ్ళకి తమదంటూ ఒక గది కావాలని రాసింది. ఆ గదిని మనం చాలాసార్లు తలుచుకున్నాం. గది ఇంట్లోనే ఉంటుంది. నా మనసులో ఉన్నది ఊళ్ళో ఉండే చోటు.

అసలు ఊరంటే ఏమిటో లెక్కగట్టడంలోనే ఆడవాళ్ళు లేరు. మున్సిపాలిటీ లేని ఒక ఊరిని 2011 జనగణనలో పట్టణం కింద లెక్కించడానికి మూడు షరతులు పెట్టారు. కనీసం 5 వేల జనాభా ఉండాలి. చదరపు కిలోమీటరుకి కనీసం 400 మంది ఉండాలి. పనిచేసేవాళ్ళలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. ఈ మూడో షరతులో పనిచేసేవాళ్ళంటే మగవాళ్ళు మాత్రమే. మగవాళ్ళు ఆటోలకీ దుకాణాలకీ ఆఫీసులకీ మారితే చాలు, ఆ ఊరు పట్టణం అయిపోతుంది. ఆ ఇళ్ళలోంచే ఆడవాళ్ళు పొద్దున్నే మిరపకాయలు కోయడానికి పొలాలకి వెళ్తున్నా సరే. కాగితం మీద పట్టణంలో ఉంటూ, ఒంటి మీద పల్లెను మోస్తున్న ఆడవాళ్ళు ఎంతమందో ఆ నిర్వచనం చెప్పదు. కాబట్టి పల్లె, పట్నం, నగరం అని మెట్లు కట్టేముందు, ఎవరి అడుగులతో ఆ మెట్లు కొలిచారో అడగాల్సింది. నేను అడగలేదు.

మన నవలలు ఈ మెట్ల మీద ఆడదాన్ని ఎలా నడిపించాయో చూడండి. వాసిరెడ్డి సీతాదేవి గారి 'మట్టి మనిషి'లో సాంబయ్య చేతిలో మట్టి ఉంది. కోడలు వరూధిని కళ్ళలో పట్నం ఉంది. భూమిని కాపాడేవాడు మామగారు, భూమి అమ్మించేది కోడలు. పట్నం చేరాక నవల ఆమెను నాశనం వైపే నడిపిస్తుంది. వ్యవసాయ కుటుంబాల పతనాన్ని అంత శక్తివంతంగా చిత్రించిన నవలలు మనకి తక్కువ. దాన్ని తక్కువ చేయాలని కాదు నా ఉద్దేశం. కానీ పెట్టుబడి పల్లెను మింగే క్రమం మొత్తానికి ఒక ఆడదాని పట్నం మోజు ప్రతీక అయిపోవడం చూస్తే ఆగి ఆలోచించాలనిపిస్తుంది. వరూధినికి పల్లెలో ఎవరున్నారు? పట్నంలో ఎవరున్నారు? రెండు చోట్లా ఆమెకు తెరిచి ఉన్న తలుపులు మగవాళ్ళవే. ఆమెకొక ప్రమీల ఉండి ఉంటే, పట్నమే ఆమెను చెడగొట్టిందని అంత తేలిగ్గా అనగలిగేవాళ్ళమా?

అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు'ని నా అధ్యాయంలో నగరానికి అనుకూలమైన సాక్ష్యంగా వాడుకున్నాను. చదువు ఆగిపోయి పల్లెలో సంసారం చేసుకుంటున్న అక్క. చదువుకుని ఉద్యోగం చేస్తూ నగరంలో ఉన్న చెల్లెలు. అక్క బోన్సాయ్, చెల్లెలు చెట్టు అని రాసేశాను. మళ్ళీ చదివితే సిగ్గేసింది. కుండీల్లో ఆ మరుగుజ్జు చెట్లను ముద్దుగా పెంచుకుంటున్నది నగరంలో చెల్లెలు. ఆ ముద్దు వెనకున్న కత్తిరింపుని గుర్తుపట్టి, ఆడదాని బతుకూ ఇంతేనని చెప్పేది పల్లె నుంచి వచ్చిన అక్క. గాలివానకి కుండీని లోపల పెట్టుకోవాలి, బయటి చెట్టు మాత్రం పదిమందికి నీడనిస్తుంది అన్న ఎరుక ఆమెది. చదువుకోని అక్క చదివింది, చదువుకున్న నేను చదవలేకపోయాను. అందులోనూ ఆ ఎరుక కలిగింది అక్కకి తన ఇంట్లో కాదు, చెల్లెలి ఇంటి గుమ్మంలో. పదిరోజులు సంసారాన్ని వదిలి వచ్చి ఇంకో ఆడదాని ఇంట్లో నిలబడితే వచ్చిన చూపు అది. ఆ చెల్లెలి ఇల్లే అక్కకి రెండో గుమ్మం.

ఇంతవరకూ చదివి, ఈవిడ చిన్న ఊరి మీద మమకారం పెంచుకుని అందంగా రాసుకుపోతోందని అనుకునేవాళ్ళుంటారు. కాబట్టి ఈ ఊరి సంగతి కూడా చెప్పాలి.

ఇక్కడ నేను మందుల షాపులో ఏం కొన్నానో నా ఇంటి ఓనరుకి సాయంత్రానికి తెలుస్తుంది. ఆదివారం ఇంటికి ఎవరొచ్చారో సోమవారం స్టాఫ్ రూములో అడుగుతారు. "ఒక్కరే ఉంటారా మేడమ్?" అన్న మాటలో సానుభూతీ ఉంటుంది, లెక్కా ఉంటుంది. ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఎంత జీతం అని అడగలేదు, "మీరేమిట్లు?" అని అడిగారు. నేను జవాబు చెప్పగలిగిన కులంలో పుట్టాను కాబట్టి ఇల్లు దొరికింది. నాతో పాటు చేరిన ఒక దళిత సహోద్యోగినికి నాలుగు నెలలు పట్టింది. చివరికి ఆమె పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద టౌన్లో ఇల్లు తీసుకుని రోజూ బస్సులో వస్తోంది. అందరూ అందరికీ తెలిసిన ఊరు అని మనం మురిపెంగా చెప్పుకుంటామే, ఆ తెలియడంలో మొదట తెలిసేది ఇదే. ప్రమీల పేరుతో పిలుస్తుంది. ఊరు ఇంటిపేరుతో పిలుస్తుంది. రెండూ ఒకే వీధిలో జరుగుతాయి.

నగరం ఈ పిలుపు నుంచి విడుదల ఇస్తుందని మనం నమ్మాం. కొంత నిజమే. హైదరాబాదులో నేను రాత్రి తొమ్మిదింటికి ఇరానీ హోటల్లో టీ తాగాను. ఎవరూ మా నాన్నకి ఫోను చేయలేదు. ఆ టీ విలువ తెలియనిదాన్ని కాదు. కానీ పరిశోధన చివరి రెండేళ్ళు హాస్టలు ఖాళీ చేసి నగరం అంచున, ఉప్పల్ దాటాక కొత్తగా లేచిన ఒక కాలనీలో ఉన్నాను. అద్దె తక్కువని. అక్కడ నన్ను గమనించేవాళ్ళు లేరు, పట్టించుకునేవాళ్ళూ లేరు. ఇరవై ఫ్లాట్ల అపార్టుమెంటులో ఒక్క ఆడదాని పేరు నాకు తెలియదు. 'రెండు వందల మూడు ఆంటీ', 'వాచ్‌మన్ భార్య'. నా పేరు 'పెంట్‌హౌస్ మేడమ్'. శారద పక్కింటావిడ ఆ ఇల్లాలిని ఎలా గుర్తుపెట్టుకుందో అచ్చం అలాగే. సిటీ బస్సు దిగి చీకట్లో కిలోమీటరు నడిచే ఆ దారిలో నాకు తోడొచ్చింది నగరపు స్వేచ్ఛ కాదు, బ్యాగులో పెట్టుకున్న పెప్పర్ స్ప్రే.

ఊళ్ళో ఉండే కాపలా, నగరంలో దొరికే గ్రంథాలయాలూ సభలూ, రెండూ అందని చోటు ఈ అంచు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర, ఔటర్ రింగు రోడ్డు టోల్‌గేటు పక్కన ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం ఈ అంచులోనే జరిగింది. ఆ తర్వాత వెంటనే వచ్చిన నిర్ణయాలలో ఒకటి గుర్తుందా? ఆర్టీసీలో పనిచేసే ఆడవాళ్ళకి రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీలు వేయవద్దని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి చెప్పారు. రోడ్డు మీద దీపాలూ మనుషులూ పెరగాల్సిన చోట ఉన్న ఆడవాళ్ళని కూడా తగ్గించడం! రాత్రిపూట ఒక ఆడ కండక్టరు ఉన్న బస్సు ఎక్కడం ఎంత ధైర్యమో ఒంటరిగా ప్రయాణం చేసినవాళ్ళకి తెలుస్తుంది. నడిచే ఒక రెండో గుమ్మం అది. మా ఊళ్ళో ఓనరుగారు "చీకటి పడకముందే వచ్చేయండమ్మా" అంటారు. నగరం అదే మాటని ఉత్తర్వుగా అంటుంది.

నగరపు ఉద్యోగినుల లోపలి ఒంటరితనాన్ని కుప్పిలి పద్మ కథలు ఎప్పుడో పట్టుకున్నాయి. ప్రపంచీకరణ తెచ్చిన కొత్త ఉద్యోగాలు, జీతాలు, ఫ్లాట్లు, ఆ మెరుపు మధ్యన సంబంధాలు సరుకులైపోవడం ఆమె కథల్లో విడవకుండా కనిపిస్తాయి. అవి వచ్చినప్పుడు వాటిని నగర కథలని ఒక పక్కన పెట్టాం. పల్లె, పట్నం నేపథ్యంగా వచ్చినవాటిని ప్రాంతీయ కథలని ఇంకో పక్కన పెట్టాం. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఈ స్త్రీలకి ఇల్లూ ఉద్యోగమూ కాక అడుగుపెట్టే చోటు ఉందా అని ఒకే ప్రశ్న వేసి ఉంటే, అంత దూరంగా కనిపించేవి కావు.

చిన్న పట్నాల్లో ఇలాంటి చోట్లు మొదటినుంచీ లేవా? ఇక్కడే నాకు మన చరిత్ర ఆశ్చర్యం కలిగిస్తుంది. స్త్రీల కోసం వీరేశలింగం 'సతీహితబోధిని' 1883లో రాజమండ్రిలో మొదలైంది. 'హిందూ సుందరి' 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య గారు ప్రారంభించినది, తర్వాత కాకినాడ నుంచి స్త్రీల సంపాదకత్వంలోనే నడిచింది. అదే 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి భండారు అచ్చమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. అచ్చమాంబ పుట్టింది నందిగామ ప్రాంతంలో. పెళ్ళయ్యాక బతికింది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, తెలుగు మాట వినిపించడమే అరుదైన చోట. అక్కడినుంచి ఆమె రాసిన కథలు ఏలూరులో అచ్చయి ఊరూరా చదువుకున్న ఆడవాళ్ళకి చేరాయి. 1905లో, ముప్పై ఏళ్ళ వయసులో ఆమె చనిపోయింది. ఆ కొద్ది కాలంలోనే ఊళ్ళు తిరిగి సమాజాలు పెట్టించింది. ఆమెకు ముందు తెలిసిన విషయం మనం తర్వాత మర్చిపోయాం. కథ రాయడమూ, ఆ కథ చదువుకునే ఆడవాళ్ళు కూర్చునే చోటు కట్టడమూ రెండూ ఒకే పని.

ఏలూరు, కాకినాడ, మచిలీపట్నం. ఈ మూడూ మహానగరాలు కావు. తెలుగు స్త్రీల అచ్చు ప్రపంచం ఇలాంటి పట్నాలలో పురుడు పోసుకుంది.

అయితే అచ్చమాంబ సమాజపు గుమ్మం ఎవరికి తెరుచుకుంది అన్న ప్రశ్న కూడా వేయాలి. అప్పటికే అక్షరం దక్కిన కులాల స్త్రీలకి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు', 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినదాన్ని ఒకచోట చేర్చి, మనం గీసుకున్న సాహిత్య పటంలో ఎన్ని ఊళ్ళు లేవో, ఉన్న ఊళ్ళలోనూ ఎన్ని వాడలు లేవో చూపించింది. చాలామంది దళిత స్త్రీలకి మొదటి రెండో గుమ్మం స్త్రీ సమాజం కాదు, తాలూకా కేంద్రంలో ఉన్న సాంఘిక సంక్షేమ హాస్టలు. కారే కప్పూ పురుగుల అన్నమూ ఉన్న ఆ హాస్టళ్ళని ఎవరూ అందంగా తలుచుకోనక్కర్లేదు. కానీ వాడ దాటి, పొలం పని దాటి, పుస్తకం పట్టుకుని ఇంకో పదిమంది ఆడపిల్లల మధ్య పడుకున్న మొదటి చోటు అదే. అది నగరంలో లేదు, చిన్న పట్నంలో ఉంది. నా అధ్యాయంలో చిన్న పట్నం అంటే పరువు అని రాశాను. ఎవరి పరువు? హాస్టలు పిల్లకి చిన్న పట్నం అంటే చదువు. ఈ తేడా కనిపించకపోవడానికి కారణం నేను కూర్చున్న నగరం ఒక్కటే కాదు, నేను పుట్టిన కులం కూడా.

మరి ఆ పాత గుమ్మాలు ఏమయ్యాయి? గత ఏడాది వేటపాలెం వెళ్ళాను. 1918లో మొదలైన సారస్వత నికేతనం అక్కడుంది. 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన గ్రంథాలయం. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో ఒక చిన్న ఊరికి రావడం, అదొక్కటి చాలు నా మూడు మెట్ల సిద్ధాంతం కూలడానికి. ఆ మధ్యాహ్నం నేను కూర్చున్న బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న ముసలివాళ్ళు ఉన్నారు, పోటీ పరీక్షలకి చదువుకుంటున్న కుర్రాళ్ళు ఉన్నారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎవరూ రావద్దనలేదు. కానీ ఏ పని లేకుండా ఊరికే వచ్చి కూర్చునే ఆడవాళ్ళ సమాజం ఆ ఊళ్ళో ఒకటి ఉంటే తప్ప, ఎంత గొప్ప గ్రంథాలయమైనా ఆడవాళ్ళకి గుమ్మం కాలేదు.

ఎనభైల నుంచి ఆ పని హైదరాబాదు చేసింది. స్త్రీ శక్తి సంఘటన, 1985లో అన్వేషి, 1991లో అస్మిత. ఈ సంస్థలు లేకపోతే 'మనకు తెలియని మన చరిత్ర' లేదు, నాలాంటివాళ్ళ పరిశోధనలూ లేవు. వాటికి నేను పడిన రుణం చిన్నది కాదు. అయితే మన గుమ్మాలు నగరంలో కట్టుకున్నాక, అవి ఉన్న చోటే స్వేచ్ఛ ఉందని మెల్లగా నమ్మడం మొదలుపెట్టాం. మనుషులు కట్టినదాన్ని నగరం ఇచ్చిందనుకున్నాం. ఆడవాళ్ళు కట్టుకున్న స్థలాన్ని స్థలం సహజగుణంగా చదవడం, ఇదీ మన విమర్శలో జరిగిన పొరపాటు. చిన్న ఊరి వెనకబాటుని కూడా దాని సహజగుణమే అనుకున్నాం. ఒకప్పుడు అక్కడ కట్టినవి కూలిపోయాయని, కొత్తవి కట్టనేలేదని అనుకోలేదు.

ఈ పొరపాటు ఫలితాలు పుస్తకాల్లోనే ఆగవు. హైదరాబాదులో మన సభలు సాయంత్రం ఆరింటికి మొదలై తొమ్మిదింటికి ముగుస్తాయి. జిల్లాల నుంచి వచ్చే రచయిత్రి ఏ బస్సు పట్టుకోవాలో, రాత్రి ఎవరింట్లో ఉండాలో ఆహ్వానపత్రంలో ఉండదు. ఆమె రాకపోతే 'ఈమధ్య రాయడం తగ్గించింది' అనుకుంటాం. పుస్తకం వేస్తే 'మారుమూల నుంచి వచ్చిన గొంతు' అని మెచ్చుకుంటాం. ఎవరికి మారుమూల? సత్యవతి గారు ఏళ్ళ తరబడి విజయవాడలో పాఠాలు చెప్పుకుంటూ, ఇల్లు చూసుకుంటూ రాశారు. 'గురిచూసి పాడే పాట' 1990లో విజయవాడ నుంచే వచ్చింది. స్త్రీవాద కవిత్వం అంటే హైదరాబాదు అని ఇప్పుడు అలవాటుగా అనేవాళ్ళం ఆ సంగతి చప్పున గుర్తు చేసుకోం.

ప్రయాణం ఈమధ్య కొంత మారింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. బస్సుల్లో ఆడవాళ్ళు కిక్కిరిసి పోతున్నారని, పనీ పాటా లేకుండా తిరుగుతున్నారని జోకులు వేసుకుంటున్నారు. ఆ జోకులు విన్నప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది. పని లేకుండా తిరగడం మగవాళ్ళకి ఎప్పటినుంచో ఉన్న హక్కు, దాన్ని లోకజ్ఞానం అంటారు. కానీ టిక్కెట్టు ఒక్కటే అడ్డం కాదు. బస్సు దిగాక ఎక్కడికి వెళ్ళాలి? పుట్టిల్లు, గుడి, ఆసుపత్రి, బంధువుల పెళ్ళి. వీటికి తప్ప వేరే చోటికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పగలిగే ఆడవాళ్ళు ఎంతమంది? బస్సు ఉచితమైంది, గమ్యం ఇంకా అనుమతితోనే దొరుకుతోంది. గమ్యాలు కట్టవలసింది ప్రభుత్వం ఒక్కటే కాదు, మనం కూడా.

కాబట్టి ఒక కథను విమర్శకి తీసుకున్నప్పుడు, అది పల్లె కథా, పట్నం కథా, నగరం కథా అని అడిగి ఆగిపోకూడదని నా మనవి. ఈ కథలో స్త్రీకి రెండో గుమ్మం ఉందా? ఉంటే దాన్ని ఎవరు కట్టారు? ఏ కులపు ఆడవాళ్ళకి అది తెరిచి ఉంది, ఎన్ని గంటల దాకా? చివరగా, ఈ విమర్శ రాస్తున్న నేను ఏ గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను? ఈ చివరి ప్రశ్నకి జవాబు రాయకుండా నేను డాక్టరేటు తెచ్చుకున్నాను. ఆ అధ్యాయం పుస్తకంగా వేయమని అడిగితే, ఇప్పుడు వేయలేను.

హైదరాబాదు ఎప్పుడొస్తున్నావన్న ప్రశ్నకి నా దగ్గర ఖచ్చితమైన జవాబు లేదు. ఒకవేళ అక్కడ మంచి ఉద్యోగం వస్తే వెళ్తానేమో. ఇక్కడ ఉండిపోవడంలో గొప్పతనం ఏమీ లేదు, వెళ్ళిపోవడంలో ద్రోహమూ లేదు. నేను వెళ్ళిపోయినా ఇక్కడ శనివారం సాయంత్రం ఆగకూడదు, అదొక్కటే నా బెంగ. మొదట్లో ఆ పిల్లలు ఇంట్లో 'స్పెషల్ క్లాసు' అని అబద్ధం చెప్పి వచ్చేవాళ్ళు. ఈ మధ్య ఒకమ్మాయి వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చింది. ఆమె మిరప కోతల నుంచి నేరుగా వచ్చింది, చేతులు మండుతున్నాయని నీళ్ళ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. కథ మొత్తం వింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నన్ను కాదు, పక్కనున్న అమ్మాయిని అడిగింది:

"నీ పేరేంటమ్మా?"

ఆ అమ్మాయి పేరు చెప్పి, తిరిగి ఆమె పేరు అడిగింది.